పెండ్లిబొమ్మ పోయినప్పుడు మేకుకు చాట

మాది పాళెగాళ్ళ ఇల్లు అంటే కొత్తోళ్ళు మెడ పైకెత్తి చూస్తారు, కోట యాడుండాదని. కోట లేదు. కోటగోడ రాళ్ళలో సగం ఊళ్ళో అరుగులైనాయి, సగం మా పశువుల కొట్టమైంది. మిగిలింది ఒక పెద్ద హజారం, దాని చుట్టూ నాలుగు గదులు, హజారం గోడల నిండా బొమ్మలు. బొమ్మల కింద టమాట క్రేట్లు. వంశం గొప్ప గోడమీద, వంశం తిండి నేలమీద అన్నమాట.

చింతామణి మార్కెట్లో మావాళ్ళు క్రేట్లు దించుతాంటే దళారి "ఏమప్పా దొరా, ఈరోజు కాయ సన్నం" అంటాడు. దొర అనేది ఎగతాళికి కాదు, అలవాటుకు. సన్నం అనేది మాత్రం రేటు తగ్గించేకి.

నేను ఈ ఇంటికి సాదలి నుంచి వచ్చినదాన్ని. మా నాయినది సేద్యం. నేను చదివింది నాలుగో క్లాసు. మా ఇంట్లో అంగడోళ్ళు ఇచ్చిన క్యాలెండరు తప్ప ఇంకో బొమ్మ ఎరగను. పెండ్లయి ఈ హజారంలో కాలు పెట్టినప్పుడు గోడల నిండా కండ్లే, అన్నీ నన్నే చూస్తాండాయి. పెండ్లి ఫోటో తీసేకి స్టూడియోకు తీసుకొచ్చినారేమో అనుకొని పైట సర్దుకున్నా.

మాయత్త నా చెయ్యి పట్టుకొని, కొత్తకోడలికి చుట్టాలను చూపించినట్లు, ఒక్కొక్క బొమ్మ దగ్గరికీ తీసుకుపోయింది. ఈయప్ప పులిని కొట్టినోడు అనింది. బొమ్మలో పులి లేదు, ఒక కుక్క ఉండాది. కుక్క బాగా బలిసి ఉండాది, ఆయప్ప ఎండుకొని పోయినాడు, ఇద్దరికీ పెట్టిన కూడు ఒకరే తిన్నట్లు. ఆ పక్కన గాజుకు వెనక నుంచి రాసిన కృష్ణుడు. ఇంకో పక్కన గొడుగేసుకొని కూర్చున్న ఒక తెల్లదొరసాని. ఈమె ఎవురత్తా అని అడిగితే, "ఎవురో తెలీదు. మన గోడమీద ఉండాది కాబట్టి మనమనిషే" అనింది. శుక్రవారం శుక్రవారం అందరితో పాటు దొరసాని నొసటికీ కుంకుమ పెట్టేది. పెట్టీ పెట్టీ ఆమె మనూరి ఆడమనిషి మాదిరి అయిపోయింది.

అన్నిట్లో పెద్దది పెండ్లిబొమ్మ. సీతారాముల పెండ్లి. ఎప్పుడో మైసూరు పక్క నుంచి చిత్రగాళ్ళను పిలిపించి, ఇంట్లోనే పెట్టుకొని, అన్నం పెట్టి రాయించినారంట. నగలున్న చోటంతా సుద్దతో ఉబ్బెత్తు చేసి పైన బంగారు రేకు అంటించినారు. జనకుడు కన్యాదానం ధార పోస్తాంటాడు. సీతమ్మ తల వంచుకొని ఉంటాది గానీ, కండ్లు చూస్తే ఆమె చూడనిది ఏమీ లేదు.

గొప్పోళ్ళ ఇండ్లలో ఇట్లాంటి బొమ్మలు లోపల గదుల్లో పెట్టి బీగం వేసుకుంటారంట. మా ఇంట్లో పద్ధతి వేరే. మా బొమ్మలు పెండ్లిండ్లకు పోతాయి.

ఆ పద్ధతి ఎట్లా వచ్చిందంటే, వెనకటికి మా ఇంటి ఆడోళ్ళు గడప దాటేదానికి లేదంట. ఊళ్ళో ఎవరింట్లో పెండ్లయినా మేళం చప్పుడు వినాల్సిందే గానీ పోయేకి లేదు. ఒకావిడకు ఇది పట్టలేదు. నేను పోకూడదు సరే, నా బదులు సీతమ్మను పంపిస్తా, ఆమెకు అడ్డం చెప్పేదెవరు అని బొమ్మను ఎత్తించి పంపించిందంట. అప్పటినుంచీ ఆ బొమ్మ మా ఇంటి ఆడమనిషి లెక్క. పెండ్లివాళ్ళు వచ్చి మమ్మల్ని పిలిచినా పిలవకపోయినా, బొమ్మ ముందర నిలబడి తాంబూలం పెట్టి పిలవల్ల. పెండ్లి చప్పరంలో అది పెండ్లికూతురి పక్కన కూర్చోవల్ల. పసుపు, కుంకుమ, రవికెగుడ్డ ఇయ్యల్ల. తొలి పంక్తిలో మొదటి ఆకు దానిది. బొమ్మ తినదు కదా, దాని ఆకు ముందర కూర్చొని తినేది పెండ్లికూతురి తల్లి.

ఈ చివరిది చిన్న సంగతి అనుకోవద్దండి. పెండ్లిలో కూతురి తల్లికి కూర్చునే తీరిక ఉంటాదా? అందరూ తిన్నాక, ఆకులు ఎత్తినాక, అడుగున మిగిలిన పులుసులో చల్లటి అన్నం కలుపుకొని నిలబడే తింటాది. మా బొమ్మ పోయిన పెండ్లిలో మాత్రం ఆమే మొదట కూర్చోవల్ల. వియ్యంకుడైనా ఆమె చెయ్యి ఆకుమీద పడేదాకా కాచుకోవల్ల. అందుకే చుట్టుపక్కల ఆడోళ్ళకు ఆ బొమ్మ అంటే అంత ప్రాణం.

ఒక్క బొమ్మ అన్ని పెండ్లిండ్లకూ చాలదు కాబట్టి, రానురాను కృష్ణుడు, పులిని కొట్టినాయప్ప, కడకు దొరసాని కూడా పోతావచ్చినారు. ముహూర్తాల కాలంలో మా గోడలు బోసిపోయేవి. అయితే మేకు ఖాళీగా ఉండకూడదు. బొమ్మ పోతానే ఆ మేకుకు పసుపు రాసిన చాట తగిలిస్తాము. పోయినామె మళ్ళా వస్తాదని గుర్తు. ఇంక రాని బొమ్మ అయితే, చెదలు తినిందో, పగిలిందో అయితే, మేకు పెరికేస్తాము. చాట ఉంటే వస్తాది, మేకు లేకుంటే రాదు. ఇంతే మా శాస్త్రం.

ఎద్దులబండ్లు ఎక్కి, ట్రాక్టర్లు ఎక్కి, ఇప్పుడు టెంపోలు ఎక్కి తిరిగిన బొమ్మ అట్లే ఉంటాదా? సోమేనహళ్ళిలో ఒక కోతి రాముడి కిరీటం గీరింది. హొసూరు పెండ్లిలో ఎవరో బిడ్డ సీతమ్మ దండను బెల్లం అనుకొని నాకేసింది. తిరిగొచ్చినప్పుడంతా మాయత్త దాన్ని మంచంమీద పండబెట్టి, గాయాలు చూసి, మైదాపిండి గంజి కాంచేది. రాలిన చోట స్వీటు డబ్బాలోని బంగారు కాగితం అంటించేది. రాళ్ళు పోయిన చోట జాతరలో కొన్న గాజుల రాళ్ళు. అవి దొరక్కపోతే తన నొసటి స్టిక్కరు బొట్టు తీసి అతికించేది. జనకుడి గడ్డం తెల్లబడితే కాటిక పెట్టింది. నాకేమో ఆ పని చూస్తాంటే ఆసుపత్రికి పోయినట్లు ఉండేది, మాయత్తకేమో మనవరాలికి జడేసినట్లు ఉండేది.

ఇప్పుడు మా షెడ్డులో పట్టుపురుగుల పని చేసే ఆమె గురించి చెప్పల్ల. నాకంటే కొంచిం చిన్నది. తట్టల్లో పురుగులకు ఆకు వేస్తా వేస్తా లోకంలో ఉండే మాటలన్నీ చెప్తాది. ఆమె పెండ్లప్పుడు పెండ్లిబొమ్మకు తాంబూలం ముందే పెట్టినారు. తీరా చూస్తే అదే ముహూర్తానికి బాగేపల్లిలో ఒక పెద్ద కంట్రాక్టరు కూతురి పెండ్లి పడింది. మా మామ మొహమాటానికి పోయి బొమ్మను అక్కడికి పంపించేసినాడు. ఈమెకు గాజు కృష్ణుడు పోయినాడు. తొలి ఆకు మర్యాద పెండ్లిబొమ్మ ఒక్కదానికే, అందుకని వాళ్ళమ్మ కడ పంక్తిలోనే తినింది. ఆ మాట చెప్పుకొని ఈమె నవ్వుతాది. "నా పెండ్లికి కృష్ణుడొచ్చె. ఆయప్ప మాదిరే నా మొగుడూ ఊరూరు తిరగబట్టె" అంటాది. నవ్వుతాది గానీ, ఆ మొగుడు తిరగను పోయినోడు తిరిగి రాలేదు. ఒక్క కూతుర్ని ఆమే సాకింది.

ఆనాడు మాయత్త మా మామతో మాట్లాడకుండా రెండు పూటలు వండింది. అంటే వండింది, మాట్లాడలేదు. మాట్లాడకుండా వండితే ఎట్లా ఉంటాదో తిన్నోళ్ళకు తెలుస్తాది. ఆ తర్వాత షెడ్డులోకి పోయి ఆమెకు మాటిచ్చింది, నీ కడుపున ఆడబిడ్డ పుడితే ఆ బిడ్డ పెండ్లికి ఎవరొచ్చి అడిగినా బొమ్మ నీదే, తొలి ఆకు నువ్వే తినల్ల అని. మాయత్త పోయేముందు బీగాలు నా చేతిలో పెట్టి, దాంతోపాటు ఆ మాట కూడా పెట్టింది.

ఇన్నేండ్లకు ఆ బిడ్డకు పెండ్లి కుదిరింది, బాగేపల్లి కల్యాణమంటపంలో, ఆదివారం పొద్దున.

సరిగ్గా అప్పుడే మా బావ ఇంకో మాట ఇచ్చుకొని కూర్చున్నాడు. మా ఆయన అన్న. కన్నడ మేష్ట్రుగా చేసి రిటైరైనాడు, మంచి మనిషి, లెక్కగా మాట్లాడతాడు. పోయిన వానలకు హజారం కప్పు కారింది. పులిని కొట్టినాయప్పకు మోకాళ్ళ దాకా చెదలు పట్టింది. పులి తినలేనోడిని చెదలు తింటాంది అని మేము నవ్వుకున్నాము గానీ, బావకు ఆ రోజు అన్నం దిగలేదు. ఇంకో రెండు వానలైతే మన చేతులతో మనమే కసువులో పోసుకోవల్ల అన్నాడు. బెంగళూరులో ఒక మ్యూజియం వాళ్ళతో మాట్లాడినాడు. వాళ్ళు బాగుచేసి, చల్లటి గదుల్లో పెట్టి, మా ఇంటిపేరు కింద అందరికీ చూపిస్తారంట. ఇంటిల్లిపాదీ సరే అన్నాము. నేనూ అన్నా. చెదలు చూసినోళ్ళు ఎవరైనా సరే అంటారు.

మొదట చూసేకి మ్యూజియం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ముహూర్తాల కాలం. బావకు పుస్తకాల జ్ఞానం ఉండాది గానీ పంచాంగ జ్ఞానం తక్కువ, ఆ వారమే రమ్మన్నాడు. ఆ పాప హజారంలోకి వచ్చి చూస్తే గోడల నిండా వరసగా చాటలు. కొంచింసేపు నిలబడి, కెమెరా తీసి, ఒక్కొక్క చాటకూ ఎదురుగా, పక్కగా ఫోటోలు తీసుకునింది. ఎంత పాతవివి అని కన్నడంలో అడిగింది. ఒకటి పోయిన చింతామణి సంతలో కొన్నది, ఇంకోటి పక్కింటోళ్ళది అన్నా. బొమ్మలెక్కడ అంటే పెండ్లిండ్లకు పోయినాయి అన్నా. ఆ పాప నా మొహం, బావ మొహం చూసి, తర్వాత నేలమీద కూర్చొని కండ్లల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మంచి పిల్ల. మా ఇంట్లో రాగిముద్ద, బస్సారు తినే పోయింది.

మళ్ళా వచ్చేటప్పుడు బండితోనే వస్తామనింది. శుక్రవారం. పెండ్లి ఆదివారం.

నేను బావ దగ్గరికి పోయి అత్త ఇచ్చిన మాట గుర్తు చేసినా. ఆయనకు అది తెలుసు. కానీ నేనూ ఒక మాట ఇచ్చినా కదమ్మా, బండి మళ్ళా మళ్ళా రాదు అన్నాడు. కొంచిం ఆలోచన చేసి, ఉపాయం దొరికినోని మాదిరి మొహం పెట్టి, బొమ్మను ఫోటో తీయించి, బొమ్మకంటే పెద్దగా, మంటపం గేటంత ఫ్లెక్సు వేయిస్తా అన్నాడు.

"ఫ్లెక్సుకు ఆకేస్తారా బావా?" అన్నా.

ఫ్లెక్సు ముందర తొలి ఆకు వేసుకొని కూర్చున్న తల్లిని నలుగురూ ఎట్లా చూస్తారో ఆయనకూ తెలుసు.

గురువారం సాయంత్రం షెడ్డు ఆమె వచ్చింది. ఎవురో చెప్పినారు ఆమెకు, బండి సంగతి. నన్ను ఏమీ అడగలేదు. ఉతికిన చీర కట్టుకొని, తట్టలో తమలపాకులు, వక్క, పసుపుకొమ్ము, టెంకాయ పెట్టుకొని, నేరుగా హజారంలోకి పోయి బొమ్మ ముందర నిలబడింది. బావ పక్కనే పేపరు చదువుకుంటాండాడు. ఆయనవైపు తిరగలేదు. బొమ్మతో మెల్లగా చెప్పింది.

"ఆదివారం నా బిడ్డ పెండ్లమ్మా. నువ్వొచ్చి మాతో కూర్చోవల్ల. నా పెండ్లప్పుడు నీకు పని పడింది, నేనేమీ అనుకోలేదు."

తాంబూలం పెట్టి దండం పెట్టి పోయింది. బావ పేపరు అట్లే పట్టుకొని ఉండాడు. పేజీ తిప్పిన చప్పుడు మాత్రం నాకు వినపళ్ళేదు.

శుక్రవారం బండి వచ్చింది. ఆ పాప, ఇంకో ఇద్దరు, మెత్తటి గుడ్డలు, చెక్క పెట్టెలు. ఒక్కొక్క బొమ్మను దించి, భూతద్దం పెట్టి చూసి, పసిబిడ్డకు పొత్తిగుడ్డ చుట్టినట్లు చుట్టి పెట్టెలో పెడతాండారు. కృష్ణుడు పోయినాడు. కుక్కతో పాటు ఆయప్ప పోయినాడు. దొరసాని నొసటి కుంకుమ తుడవొద్దని నేను చెప్పినా, తుడవము అని ఆ పాప మాటిచ్చింది. కడాకు పెండ్లిబొమ్మ. బావ ముందరే చెప్పి పెట్టినాడు, అన్నిటికంటే విలువైనది ఇదే అని.

ఆ పాప టార్చి వేసి చాలాసేపు చూసింది. కిరీటం చూసింది, దండ చూసింది, జనకుడి గడ్డం చూసింది. చూసేకొద్దీ మొహం మారతా వచ్చింది. తర్వాత లేచి బావతో కన్నడంలో మెత్తగా చెప్పింది. పైన కనిపించేదాంట్లో చానా భాగం పాతది కాదంట. స్వీటు కాగితాలు, గాజురాళ్ళు, స్టిక్కర్లు. ఇట్లే తీసుకుపోయి మిగతా వాటి పక్కన పెట్టేకి కాదంట. అయితే అసలు పని కింద భద్రంగా ఉండాదంట. ల్యాబులో పెట్టి పైనవన్నీ నిదానంగా వలిచేస్తే, మొదట చిత్రగాళ్ళు వేసిన బంగారు సీతమ్మ బయటికొస్తాదంట. దానికి చానా కాలం పడతాది, ఇయ్యమంటే తీసుకుపోతాము, మీ ఇష్టం అనింది.

బావ ఆ బొమ్మ ముందర గొంతు కూర్చున్నాడు. నాకు ఆయన్ను చూస్తే పాపమనిపించింది. చిన్నప్పటినుంచీ ఊరందరికీ ఆ బొమ్మ గొప్ప చెప్పుకొని తిరిగినోడు. "అసలుది కింద ఉండాదంటమ్మా" అన్నాడు, నాతోనో, తనతోనో.

నాకు మామూలుగా బావ ముందర అంత మాట రాదు. ఆ రోజు వచ్చింది.

"కింద ఉండే సీతమ్మ ఏ పెండ్లికీ పోలేదు బావా. ఊళ్ళోళ్ళకు తెలిసినామె పైన ఉండే ఈమే. నిన్న తాంబూలం తీసుకునింది కూడా ఈమే."

బావ ఇంకా దగ్గరికి వంగి చూసినాడు. సీతమ్మ దండలో ఒక చోట గుండ్రటి ఎర్రమట్టి రంగు స్టిక్కరు ఉండాది. దానిమీద వేలు పెట్టినాడు.

"ఇది అమ్మ బొట్టు కదా" అన్నాడు.

అవునన్నా. ఆయన లేచి పంచె దులుపుకొని, ఆ పాపతో కన్నడంలో చెప్పినాడు, ఈమె ఆదివారం ఒక పెండ్లికి ఒప్పుకునింది, తాంబూలం తీసుకున్నాక పోకుంటే బాగుండదు అని. ఆ పాప ఒకసారి మేకులు చూసి, ఒకసారి నన్ను చూసి, సరే సార్ అని పెట్టె మూసేసింది. పోతా పోతా పెండ్లి యాడ అని నన్ను అడిగి తెలుసుకునింది కూడా.

ఆదివారం టెంపోలో బొమ్మ పక్కన నేనే కూర్చున్నా. బాగేపల్లి దాకా గుంతలన్నీ నా ఒంటికే తీసుకున్నా, దానికి తగలనీయలేదు. మంటపంలో పెండ్లికూతురి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టినాము. ధార అయినాక తొలి పంక్తి వేసినారు. మొదటి ఆకు బొమ్మ ముందర. షెడ్డు ఆమెను తెచ్చి కూర్చోబెట్టేదే పెద్ద పని అయింది. సాంబారు చూసొస్తా, నీళ్ళు చూసొస్తా అని లేస్తాది, నలుగురు ఆడోళ్ళు భుజాలు పట్టి అదుముతారు. వియ్యంకుడు చేతులు కడుక్కొని ఎదురుగా కాచుకోని ఉండాడు. మా బావ ఆయన పక్కనే.

కడాకు ఆమె చెయ్యి ఆకుమీద పెట్టింది. పూర్ణం పెట్టిన ఓళిగ తుంచింది, నెయ్యి కారతాంది. నోట్లో పెట్టుకొని, నమిలి, నా పక్కకు తిరిగి చెవిలో చెప్పింది.

"తొలి పంక్తిలో ఓళిగ ఇంత వేడిగా ఉంటాదా అక్కా?"

ఎన్ని పెండ్లిండ్లు చూసింది, ఎన్ని పెండ్లిండ్లకు వడ్డించింది. కాలే ఓళిగ ఆ రోజే తినింది. నేను ఇంకోటి వేయించినా. అదీ తినింది. ఆ ఒక్క మాట తప్ప ఆమె తింటాన్నంతసేపూ ఇంకేమీ మాట్లాడలేదు, అది ఊళ్ళోళ్ళకు ఇంకా పెద్ద వింత.

అంతలో ఎవరో పిల్లోడు కుర్చీకి తగిలినాడు. సీతమ్మ దండలోనుంచి ఒక గాజురాయి ఊడి ఆకులో పడింది. ఉప్పు పక్కన. అందరూ అది చూసి నన్ను చూసినారు. మైదా గంజి యాడ తెచ్చేది? నొసటి స్టిక్కరు తీసి ఆ చోట గట్టిగా అదిమినా. బావ ఎదురుగానుంచి చూస్తానే ఉండాడు. పాయసం ఇంకొంచిం పోయించుకున్నాడు.

ఇంటికి తెచ్చి బొమ్మను దాని మేకుకు తగిలించినాము. దాని చాట తీసేసినా. మిగతా మేకులు పెరికేయల్ల కదా, అవి ఇంక రావు కదా అని సుత్తి తీసుకొని పోతే, ప్రతి మేకుకూ చాట ఉండాది. మేము టెంపోలోకి బొమ్మను ఎక్కిస్తాన్నప్పుడే బావ ఊళ్ళో నాలుగిండ్లు తిరిగి చాటలు అడుక్కొచ్చి, పసుపు రాసి తగిలించినాడంట. పసుపు సరిగ్గా రాసేకి రాదు ఆయనకు, ఒకటి పచ్చగా, ఒకటి పాలిపోయి ఉండాయి. అవి మ్యూజియంలో ఉండాయి కదా, తిరిగొచ్చేవి కాదు కదా అని నేను అడగలేదు.

మొన్న రాగులు చెరిగేకి చాట కావల్సొచ్చి, దొరసాని మేకుకు ఉండేది తీసుకున్నా. బావ పేపరు మీదనుంచి తల ఎత్తినాడు.

"చెరిగినాక మళ్ళా ఆడనే పెట్టమ్మా" అన్నాడు.

పెట్టినా.